వచ్చు, తెలుసు, గుర్తుంది

(ఒక గ్రంథాలయంలో సాయంత్రం సభలో, మనస్తత్వశాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాయనా, కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, చాలు.

మొదలుపెట్టే ముందు మీకో చిన్న పరీక్ష. నేను సగం వాక్యం అంటాను, మిగతాది మీరు అందుకోండి. "నాకు ఈత..."

(సభలోంచి: "వచ్చు!" "రాదు!" నవ్వులు)

రానివాళ్ళూ ఉన్నారన్నమాట. ఇంకోటి. "మన దేశానికి రాజధాని ఢిల్లీ అని నాకు..."

("తెలుసు!")

"మా పెళ్ళినాడు పెద్ద వాన పడింది, నాకు బాగా..."

("గుర్తుంది!")

ఒక్కరూ తడుముకోలేదు చూశారా. "నాకు ఈత గుర్తుంది" అని ఎవరూ అనలేదు. అలా అంటే చెరువు మొహం చూసి పాతికేళ్ళయినవాడు చెప్తున్నట్టుంటుంది. మూడోదాన్ని మార్చి, "మా పెళ్ళినాడు వాన పడిందని నాకు తెలుసు" అనండి. వినేవాళ్ళకి వెంటనే అనుమానం వస్తుంది. ఈయన తన పెళ్ళికి తను వెళ్ళలేదా? ఎవరో చెప్తే విన్నాడా? (నవ్వులు) ఒక్క క్రియ మారితే చాలు, మనిషి తన పెళ్ళికి తనే పరాయివాడయిపోతాడు. ఈ వాక్యాన్ని పక్కన పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. అచ్చంగా ఇలాగే బతికిన ఒక మనిషి గురించి చెప్పబోతున్నాను.

వచ్చు, తెలుసు, గుర్తుంది. ఈ తేడాలు పరిశోధకుల చేతికి చిక్కడానికి చాలా కాలం పట్టింది. తెలుసు వేరు, గుర్తుంది వేరు అని ఎండెల్ టల్వింగ్ 1972లో రాశాడు. వచ్చు వేరు, తెలుసు వేరు అని నీల్ కోహెన్, లారీ స్క్వైర్ 1980లో ప్రయోగం చేసి చూపించారు. అంతా మన వ్యాకరణంలోనే ఉందిష అని నేను గొప్పలు పోవడం లేదు. భాషకి మెదడు నిర్మాణం తెలియదు. కాకపోతే, ఇంగ్లీషు పారిభాషిక పదాలు బట్టీ పట్టకుండా ఈ విషయం చెప్పుకోడానికి మనకి మూడు మంచి మాటలున్నాయి, వాడుకుందాం.

ముందు సినిమాల సంగతి తేల్చేద్దాం. మన సినిమాల్లో హీరోకి తల మీద దెబ్బ తగిలితే పేరు మర్చిపోతాడు, ఊరు మర్చిపోతాడు, తాళి కట్టిన భార్యని మర్చిపోతాడు. కానీ ఆసుపత్రిలో కొత్తగా పరిచయమైన నర్సు మాత్రం శుభ్రంగా గుర్తుంటుంది. క్లైమాక్స్‌లో ఇంకో దెబ్బ తగలగానే అన్నీ తిరిగొస్తాయి. మెదడు దెబ్బతిని వచ్చే మతిమరుపు చాలాసార్లు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పేరు గుర్తుంటుంది, ఊరు గుర్తుంటుంది, భార్యా గుర్తుంటుంది. గుర్తుండనిది ఆ నర్సు. ఆమె పది నిమిషాలు బయటికి వెళ్ళొస్తే చాలు, మళ్ళీ కొత్త మనిషే. ఇక రెండో దెబ్బ సంగతి... మొదటి దెబ్బే చాలండీ.

ఈ విద్యలో అందరికంటే ఎక్కువ నేర్పినవాడు డాక్టరూ కాదు, ప్రొఫెసరూ కాదు. హెన్రీ మొలైసన్ అనే అమెరికా మనిషి. 1926లో కనెటికట్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడే మూర్ఛ మొదలైంది, పెద్దయ్యేకొద్దీ ముదిరింది. ఎన్ని మందులు మింగినా ఫిట్స్ ఆగక, ఉద్యోగం చేసుకోలేని స్థితికి వచ్చాడు. 1953లో, 27 ఏళ్ళ వయసులో, హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ అతనికి ఆపరేషన్ చేశాడు. కణతల వెనక, మెదడు లోపలి అంచున హిప్పోక్యాంపస్ అని ఒక భాగం ఉంటుంది. సముద్రపు గుర్రంలా వంపు తిరిగి ఉంటుందని ఆ పేరు. అందులో చాలా భాగాన్నీ, దాని చుట్టుపక్కలనీ రెండు వైపులా తీసేశాడు. ఒక వైపే తీసి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఫిట్స్ బాగా తగ్గాయి. తెలివి తగ్గలేదు. మాట, మర్యాద, హాస్యం అన్నీ అలాగే ఉన్నాయి. అయితే ఆసుపత్రిలో బాత్రూముకి దారి ఎన్నిసార్లు చూపించినా నిలవడం లేదు. పొద్దున మాట్లాడినవాళ్ళు మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు. ఇలా అవుతుందని స్కోవిల్ అనుకోలేదు. ఆ ఆపరేషన్ ఇంకెవరికీ చెయ్యొద్దని తోటి సర్జన్లని హెచ్చరించాడు. మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు వచ్చి అతన్ని పరీక్షించింది. 1957లో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసంలో అతని పేరు హెచ్.ఎం. అని మాత్రమే ఉంది. అసలు పేరు లోకానికి తెలిసింది 2008లో, 82 ఏళ్ళకి అతను పోయాకే. అర్ధ శతాబ్దం పాటు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న మనిషికి పేరు లేదు. నేనూ మూడు దశాబ్దాలు హెచ్.ఎం., హెచ్.ఎం. అనే పాఠం చెప్పాను. ఇప్పటికీ హెన్రీ అనడానికి నోరు తిరగదు.

ఇప్పుడు నాకొక మనిషి కావాలి. పదో తరగతో ఇంటరో చదివే పిల్లలెవరైనా ఉన్నారా? ఆఁ, నువ్వు రా బాబూ. భయం లేదు, మార్కులు వెయ్యను.

(ఒక అబ్బాయి వేదిక మీదికి వస్తాడు)

ఈ కాగితం మీద రెండు గీతల నక్షత్రం ఉంది. లోపల ఒకటి, బయట ఒకటి. మధ్యలో సన్నటి సందు, అంగుళంలో పావు వంతు కూడా ఉండదు. ఆ సందులోనే పెన్సిల్ నడిపిస్తూ చుట్టూ తిరిగి రావాలి. అంతే పని. కాకపోతే నీ చెయ్యి నీకు కనపడదు. ఈ అట్ట అడ్డం పెడతాను. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ గియ్యాలి. కానియ్.

(నవ్వులు)

చూస్తున్నారా? మూల దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఇరుక్కుపోయింది. పైకి వెళ్ళాలని వీడు అనుకుంటున్నాడు, చెయ్యి కిందికి వస్తోంది. అటూ ఇటూ గిలగిల్లాడుతోంది. అందరికీ అంతే, నాకూ అంతే. పూర్తయిందా? గీత ఎన్నిసార్లు దాటావు? లెక్కపెట్టలేనన్నిసార్లు! సరే, ఆ పక్క బల్ల దగ్గర కూర్చుని ఇంకో రెండుసార్లు ప్రయత్నించు. కాగితాలు అక్కడే ఉన్నాయి. అద్దం జాగ్రత్త.

మిల్నర్ ఈ పనే హెన్రీ చేత మూడు రోజులు చేయించింది. మొదటి రోజు అతనూ మనవాడిలాగే గిలగిల్లాడాడు. చేస్తూ చేస్తూ ఉంటే తప్పులు తగ్గాయి. రెండో రోజు మళ్ళీ కూర్చోబెడితే, ఎక్కడ ఆపాడో అక్కణ్ణుంచే అందుకున్నాడు, మొదటికి రాలేదు. మూడో రోజుకి గీత దాదాపు దాటలేదు. కానీ ప్రతి రోజూ అద్దం, అట్ట, నక్షత్రం మొత్తం అతనికి కొత్తే. ఇంతకుముందు చేశావా అంటే లేదంటాడు. చివర్లో తన గీత తనే చూసుకుని, ఇది కష్టంగా ఉంటుందనుకున్నానే, బాగానే వచ్చిందే అని ఆశ్చర్యపోయాడు.

నాకు ఈ కథలో ముఖ్యం ఆ ఆశ్చర్యం. చెయ్యి నేర్చుకోవడం వింత కాదు, మీ చేతులూ నా చేతులూ అలాగే నేర్చుకుంటాయి. ఆ నేర్చుకున్న చేతికి తను యజమాని అని మనిషికి తెలియకపోవడం వింత. నక్షత్రం గియ్యడం వచ్చు. వచ్చని తెలియదు. నేర్చుకున్నట్టు గుర్తు లేదు. అంతదాకా అందరూ జ్ఞాపకశక్తి అంటే ఒకటే అనుకున్నారు, ఒక పెద్ద గాదెలాగ. ధాన్యం తగ్గితే గాదెలో ఏ మూలైనా తగ్గాల్సిందే కదా. కానీ ఇక్కడ ఒక మూల ఖాళీగా ఉంది, పక్క మూల నిండుతోంది. అంటే ఒకే గాదె కాదు.

ఇంకో చిన్న సంఘటన చెప్తాను. మిల్నర్ అతనికి 584 అని ఒక అంకె చెప్పి, గుర్తుంచుకోమని బయటికి వెళ్ళింది. పావుగంటకి పైగా గడిచాక వచ్చి అడిగితే చెప్పేశాడు! ఎలాగయ్యా అంటే, ఏముంది, 5, 8, 4 కలిపితే 17, ఎనిమిది గుర్తు పెట్టుకుంటే చాలు, 17లోంచి 8 తీస్తే 9, తొమ్మిదిని రెండు ముక్కలు చేస్తే 5, 4, అదిగో 584 అన్నాడు. అంతసేపూ మనసులో దాన్ని తిప్పుతూనే ఉన్నాడు. ఆ తర్వాత మాట వేరే విషయం మీదికి మళ్ళింది. మళ్ళీ అడిగితే, అంకె ఏంటి, ఎవరిచ్చారు అన్నాడు. ధారణ అంటే మనవాళ్ళ అర్థం పట్టి ఉంచుకోవడం. పట్టి ఉంచగలడు. దించి పెట్టడానికి చోటు లేదు. చేతిలో ఉన్నంతసేపే.

ఇది పుస్తకంలో చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎందుకంటే మా ఇంట్లో చూశాను.

మా అమ్మ తమ్ముడు టైలరు. ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాడు, మా ఊళ్ళో మంచి పేరు. నేను కాలేజీలో చేరిన కొత్తలో మావయ్యకి మెదడువాపు జ్వరం వచ్చింది. బతికాడు. కొట్టు మూసేశారుగానీ మిషన్ ఇంట్లోనే వరండాలో ఉంచారు. కూర్చోబెడితే కూర్చునేవాడు. ఒకరోజు నా జాకెట్టుకి కొలత తీసుకుంటున్నాడు. టేపు పట్టి, "ముప్ఫైనాలుగు" అని గొణుక్కుంటూ సుద్దముక్క కోసం వెనక్కి తిరిగాడు. గొణుగుతూనే ఉన్నాడు. ఈలోగా లోపలినుంచి అత్తయ్య, "ఏవండీ, కాఫీ ఇప్పుడు తాగుతారా, కాసేపాగా?" అంది. "ఇప్పుడే ఇవ్వు" అన్నాడు. అంతే. సుద్దముక్క చేతిలో ఉంది, బల్ల మీద గుడ్డ పరిచి ఉంది, ముప్ఫైనాలుగు లేదు. అసలు కొలిచినట్టే లేదు. నా వంక చూసి, "ఏమ్మా, జాకెట్టా? రా, కొలత తీసుకుందాం" అన్నాడు. నాలుగోసారికి నాకు ఏడుపొచ్చింది, ఆయనకి విసుగు రాలేదు. విసుగు రావాలంటే మూడుసార్లు కొలిచానని గుర్తుండాలి కదా.

అదే మనిషి, ఆది జాకెట్టు తెచ్చి గుడ్డ మీద పరిస్తే, చుట్టూ సుద్ద గీసి, కుట్లకి వదలాల్సినంత వదిలి, చంక దగ్గర వంపు ఒక్క కోతలో కోసేవాడు. కత్తెర ఎక్కడా ఆగేది కాదు. కొలత ఆయన బుర్రలో ఉండక్కర్లేదు, కళ్ళముందు బల్ల మీద ఉంది. మిగతాది చేతికి వచ్చు. ఈ కిటుకు కనిపెట్టింది డాక్టర్లు కాదు, మా అత్తయ్య. పేట ఆడవాళ్ళకి ఒకటే చెప్పేది, "టేపు వద్దమ్మా, ఆది జాకెట్టు తెచ్చుకోండి, మధ్యలో పలకరించకండి." అలా కొన్నేళ్ళు కుట్టాడు. ఎవరి జాకెట్టు కుడుతున్నాడో ఎప్పుడూ తెలియలేదు.

తన పాత సంగతులు మాత్రం మావయ్యకి బాగానే గుర్తుండేవి. చాలామందిలో ఇంతే. జ్వరానికో దెబ్బకో ముందున్న కొన్నేళ్ళు చెదిరిపోతాయి, ఇంకా వెనక్కి వెళ్ళేకొద్దీ గట్టిగా ఉంటాయి. రిబో అనే ఫ్రెంచి ఆయన 1881లోనే ఈ సంగతి పుస్తకంలో పెట్టాడు. కాలిఫోర్నియాలో ఇ.పి. అని ఒకాయన ఉండేవాడు. మెదడువాపే, 1992లో వచ్చింది. తను పెరిగిన పేటలో ఏ వీధినుంచి ఏ వీధికి ఎలా వెళ్ళాలో, మధ్యలో దారి మూసేస్తే ఎటు తిరగాలో, తన ఈడువాళ్ళతో సమానంగా చెప్పేవాడు. ఆ పేట వదిలి యాభై ఏళ్ళయింది. జబ్బు చేశాక కాపురమున్న పేట గురించి అడిగితే మాత్రం ఏమీ చెప్పలేకపోయేవాడు. హిప్పోక్యాంపస్ కొత్త జ్ఞాపకం నిలదొక్కుకోడానికి కావాలి, ఏనాడో నిలదొక్కుకున్నదానికి అంత అక్కర్లేదు అని ఇలాంటివాళ్ళని చూసే అనుకున్నారు. పాత అనుభవాలని కళ్ళకి కట్టినట్టు తలుచుకోడానికి కూడా అది ఎప్పటికీ కావాలనేవాళ్ళున్నారు. ఆ తగువు ఇంకా తెగలేదు.

ఇందాక పక్కన పెట్టమన్న వాక్యం తియ్యండి. "మా పెళ్ళినాడు వాన పడిందని నాకు తెలుసు." కెనడాలో టొరొంటో దగ్గర కె.సి. అనే ఒకాయన 1981లో, 30 ఏళ్ళ వయసులో, మోటారుసైకిలు ప్రమాదంలో దెబ్బతిన్నాడు. టల్వింగ్ ఎన్నో ఏళ్ళు ఆయన్ని చూశాడు. ఆయనకి లోకజ్ఞానం పోలేదు. చదరంగం ఆడటం వచ్చు. తన వాళ్ళకి ఊరవతల ఒక ఇల్లుందని తెలుసు, అది ఎక్కడుందో తెలుసు. అక్కడ తను గడిపిన ఒక్క రోజు, ఒక్క పూట, ఒక్క సంఘటన చెప్పమంటే లేదు. సొంత తమ్ముడు పోయాడని తెలుసు, ఆ కబురు విన్న క్షణం లేదు. తన జీవితం గురించి తనకి తెలిసిందంతా, మనకి ఒక చుట్టం గురించి తెలిసినట్టు తెలుసు. హెన్రీకి పోయింది ముఖ్యంగా ఆపరేషన్ తర్వాతి కాలం, ఈయనకి తన వెనకటి కాలంలో కూడా గుర్తుంది అనదగ్గది ఒక్కటీ మిగల్లేదు.

ఇంకా వింతేమిటంటే, రేపు ఏం చేస్తావు అని అడిగితే కూడా ఆయనకి ఏమీ తోచదు. మనసులో ఖాళీ అనేవాడు. రేపటిని ఊహించుకోడానికి నిన్నటి ముక్కలు కావాలి కాబోలు. రేపు మీ అమ్మాయి ఇంటికి వెళ్తారనుకోండి, అప్పుడే మీ మనసులో ఆ గుమ్మం, ఆ వీధి కుక్క కనపడుతున్నాయి కదా. ఆయనకి కుక్కా లేదు, గుమ్మమూ లేదు.

ఇంగ్లండులో క్లైవ్ వేరింగ్ అనే సంగీత విద్వాంసుడి గురించి కొందరు వినే ఉంటారు. 1985 మార్చిలో హెర్పిస్ వైరస్ ఆయన మెదడుకి సోకింది. మూతి మీద జ్వరం పొక్కులొస్తాయే, ఆ వైరస్సే. ఆయనకి నిలిచేది కొన్ని సెకన్లు. భార్య పక్క గదిలోకి వెళ్ళి వస్తే ఎన్నేళ్ళకో కలుసుకున్నట్టు కౌగలించుకుంటాడు. డైరీలో టైము వేసి, ఇప్పుడే మొదటిసారి మెలకువ వచ్చింది అని రాస్తాడు. కాసేపటికి అది చూసి, ఇది అబద్ధం అన్నట్టు కొట్టేసి, ఇప్పుడు నిజంగా మొదటిసారి అని రాస్తాడు. పేజీలకి పేజీలు అవే. అలాంటి మనిషిని పియానో ముందు కూర్చోబెడితే కాగితం మీది స్వరం చూసి వాయిస్తాడు, గాయక బృందాన్ని నడిపిస్తాడు, ఎవరెక్కడ అందుకోవాలో చేత్తో చూపిస్తాడు. నన్నడిగితే ఇదీ ఆది జాకెట్టు లాంటిదే. పాటలో తర్వాతి అడుగు ముందు అడుగులోనే ఉంటుంది. పాట ఆగిందా, ఆయన మళ్ళీ మెలకువ దగ్గరికే వస్తాడు.

ఇప్పటికి వందేళ్ళ పైమాట. స్విట్జర్లాండులో క్లాపరేడ్ అనే డాక్టరు ఒక పని చేశాడు. ఇప్పుడైతే ఏ కమిటీ ఒప్పుకోదు. ఆయన దగ్గర 47 ఏళ్ళ రోగి ఒకామె ఉండేది. అయిదేళ్ళుగా ఆసుపత్రిలో ఉన్నా, రోజూ చూసే నర్సులు కూడా ఆమెకి కొత్తవాళ్ళే. ఒకరోజు క్లాపరేడ్ వేళ్ళ మధ్య గుండుసూది దాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొడుచుకుంది. ఆ సంగతి మర్చిపోయింది. తర్వాత మళ్ళీ చెయ్యి చాపితే, ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది. ఎందుకమ్మా అంటే, ఏం, చెయ్యి తీసుకునే హక్కు లేదా అంది. ఇంకా రెట్టిస్తే, ఒక్కోసారి చేతుల్లో సూదులు దాచుకుంటారు కదా అంది. ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలియదు. 1911లో ఆయన దీన్ని అచ్చు వేశాడు. ఇది వచ్చూ కాదు, తెలుసూ కాదు, గుర్తుందీ కాదు. మన మాటల్లో దీన్ని జంకు అనొచ్చేమో. నా మూడు మాటల లెక్క ఇక్కడే తప్పింది, ఒప్పుకుంటాను.

ఆమెకి ఉన్న జబ్బు పేరు కొర్సకాఫ్. రష్యా డాక్టరు పేరు మీద వచ్చింది. విపరీతంగా తాగి, తిండి మానేసినవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. మూలం బి1 విటమిన్ లేకపోవడం. ఇదే విటమిన్ లోపించి కాళ్ళూ గుండే దెబ్బతింటే బెరిబెరి. గత శతాబ్దం మొదట్లో మన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరు మోసినవి. కారణం, మనవాళ్ళు మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్ళు. తమిళదేశంలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులో ఉన్న బి1 గింజలోకి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత నిలుస్తుంది. సరే, దారి తప్పాను. ఇంట్లో తాగుడు ఉన్నవాళ్ళు మాత్రం వినండి. తిండి మానేసి తాగే మనిషి ఉన్నట్టుండి తూలుతూ, చూపు చెదిరి, తికమకగా మాట్లాడుతుంటే అది మత్తే అనుకుని పడుకోబెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మొదట్లోనే బి1 ఇంజెక్షన్ ఇస్తే జ్ఞాపకశక్తిని కాపాడే అవకాశం ఉంది. ఆలస్యమైతే చాలామందికి తిరిగి రాదు.

ఒక అనుమానం మీకు వచ్చే ఉండాలి. "వచ్చు" మిగలడం వింతేముంది, అది తేలిక కాబట్టి మిగిలింది, "గుర్తుంది" కష్టం కాబట్టి పోయింది, అంతేగా? నాకూ చాలాకాలం ఈ అనుమానం ఉండేది. దాన్ని తీర్చింది 1996లో వచ్చిన ఒక ప్రయోగం. నాలుగు రకాల బొమ్మలున్న కార్డులు. ఒకటో రెండో మూడో చూపించి, ఇవి పడితే వానా, ఎండా అని అడుగుతారు. ఏ కార్డుకీ ఖాయమైన జవాబు లేదు. ఒకటి ఎక్కువసార్లు వాన అంటుంది, అప్పుడప్పుడు దగా చేస్తుంది. ఊహించగా ఊహించగా ఒక అందాజా కుదురుతుంది. మతిమరుపు రోగులకి మొదటి యాభై సార్లలో అందరిలాగే అందాజా కుదిరింది. కానీ తర్వాత, కార్డుల మీద ఏం బొమ్మలున్నాయి, ఆట ఎలా సాగింది అంటే సరిగా చెప్పలేరు. పార్కిన్సన్స్ రోగులకి మెదడు అడుగున వేరే భాగం దెబ్బతింటుంది. వాళ్ళకి కార్డులూ ఆటా బాగా గుర్తున్నాయి, అందాజా మాత్రం కుదరలేదు. ఒకరికి ఉన్నది ఇంకొకరికి లేదు, తిరగేసినా అంతే. అప్పుడు తేలికా కష్టమా అనే మాట నిలవదు.

అలాగని మిగిలిన నేర్పు పూర్తి సాయం చేస్తుందనుకోకండి. ఇందాక చెప్పిన ఇ.పి.కి ఎనిమిది జతల వస్తువులు ఇచ్చి, జతలో ఏది సరైనదో నేర్పారు. మనకి ఒకటి రెండు పూటల పని, ఆయనకి వారాల తరబడి పట్టింది. నేర్చుకున్నాడు. ఎలా చెప్పగలుగుతున్నావంటే తెలియదు, చెయ్యి వెళ్తుంది. తర్వాత అవే పదహారు వస్తువులూ ఒక్కచోట కుప్ప పోసి, సరైనవి ఏరమన్నారు. ఏరలేకపోయాడు. నేర్పిన తీరు మారితే ఆ నేర్పు పనిచెయ్యదు. మొండిది. తెలుసు అన్నది ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, వచ్చు అన్నది నేర్చిన దారినే నడుస్తుంది. మా మావయ్యా అంతే. బోటు నెక్ కావాలని ఒకావిడ ఆది జాకెట్టు ఇచ్చి నోటితో చెప్పింది. ఆది జాకెట్టుకి ఉన్న మెడే వచ్చింది.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: "అమ్మా, ఈత వచ్చు అన్నట్టే పద్యం వచ్చు అని కూడా అంటాం. పద్యం చేతి పని కాదుగా?")

మాస్టారూ, నా మూడు మాటల లెక్కకి ఇంకో బొక్క పెట్టారు. (నవ్వులు) నిజమే. పద్యం నోటికి వచ్చు అంటాం, ఎక్కాలు నోటికి వచ్చు అంటాం. వందలసార్లు వల్లె వేశాక అందులో కొంత నాలుక పని అయిపోతుంది. మొదటి పాదం అందిస్తే మిగతాది దొర్లుకుంటూ వస్తుంది. మా మావయ్యకి చిన్నప్పటి పద్యాలు అలాగే వచ్చేవి. కొత్త పద్యం మాత్రం, నేను ఎంత ప్రయత్నించినా, ఒక్క పాదం పట్టుబడలేదు. ఈతకీ పద్యానికీ మధ్య గోడ ఉందనను, గట్టు ఉంది. నీళ్ళు కొంచెం అటూ ఇటూ పారతాయి.

(ఒక మహిళ: "మా నాన్నగారికి అల్జైమర్స్. మేం వెళ్ళొచ్చిన అరగంటకి ఎవరూ రాలేదంటారు. వెళ్ళి ఏం లాభం అంటాడు మా తమ్ముడు.")

అల్జైమర్స్ ఇంత స్పష్టంగా ఉండదమ్మా. చాలామందిలో మొదలయ్యేది ఈ హిప్పోక్యాంపస్ దగ్గరే, కానీ అక్కడితో ఆగదు, మెల్లగా మిగతా చోట్లకి పాకుతుంది. కాబట్టి నేను చెప్పినవన్నీ అలాగే వర్తించవు. రెండు విషయాలు మాత్రం చెప్తాను.

అమెరికాలో అయోవా పరిశోధకులు, హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నవాళ్ళకి విషాదమైన సినిమా ముక్కలు చూపించారు. 2010లో వచ్చింది ఆ పరిశోధన. కాసేపటికి సినిమా మర్చిపోయారు. దిగులు మిగిలింది. ఎందుకు దిగులుగా ఉందో చెప్పలేరు, దిగులుగా ఉంది. సంతోషమైనవి చూపించినా అంతే, సినిమా పోయింది, హుషారు మిగిలింది. మీ తమ్ముడికి ఇది చెప్పండి. ఎవరూ రాలేదని ఆయన అంటున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో చూడమనండి.

రెండోది. మనవాళ్ళు ఇలాంటివాళ్ళ ఇంటికి వెళ్ళగానే చేసే మొదటి పని పరీక్ష పెట్టడం. "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పు చూద్దాం!" దయచేసి మానెయ్యండి. మనం ఒక తప్పు జవాబు చెప్తే, అది తప్పని గుర్తుంచుకుని మళ్ళీ చెప్పం. వాళ్ళకి ఆ గుర్తు ఉండదు. నోటికి వచ్చిన పేరు మాత్రం నోటికి అలవాటైపోతుంది. తప్పు చెప్పనివ్వకుండా నేర్పితే మతిమరుపు ఉన్నవాళ్ళు బాగా నేర్చుకుంటారని బాడ్లీ, విల్సన్ అనే ఇద్దరు 1994లో చూపించారు. అందుకని గుమ్మంలోనే "నాన్నా, నేను మీ పెద్దమ్మాయిని" అని చెప్పేసి లోపలికి వెళ్ళండి. ప్రతిసారీ అదే మాట, అదే చోట నుంచుని. మీకే విసుగొస్తుంది, ఆయనకి రాదు.

గ్రంథాలయం వాళ్ళు గోడ గడియారం వంక చూస్తున్నారు. ఆ బాబేడీ? ఏమయింది నీ నక్షత్రం? మూడోదా? ఇలా పట్టుకురా, అందరికీ చూపిద్దాం. మొదటిది చూడండి, కోడి కెలికినట్టుంది. ఇది... రెండు చోట్లే దాటింది! నేర్పు ఎలా వచ్చిందో చెప్పగలవా?

(అబ్బాయి: "ఏమో మేడం, వచ్చేసింది.")

విన్నారుగా. ఆ అద్దం మాత్రం ఇటివ్వు, మా కోడలిది. చెప్పకుండా తెచ్చాను.